గీతలు లేని వేళ్లు

ఆ కొట్టులో రాళ్లన్నీ ఎవరి కోసమో ఎదురుచూస్తూ ఉంటాయి. పేరు చెక్కని సమాధి పలకలు గోడకు చేరగిలబడి, వాన పడితే నల్లబడి, ఎండ కాస్తే బూడిదరంగుకు తిరిగి, తమ మనిషి ఇంకా ఎక్కడో బతికే ఉన్నాడన్న సంగతి తెలిసినట్టు ఓపిగ్గా నిలబడి ఉంటాయి. కొట్టు ముందు భాగంలో బాబాయి కూర్చుని అక్షరాలు చెక్కుతాడు. వెనక రేకుల షెడ్డులో అమ్మా, కూతురూ పలకల్ని నునుపు చేస్తారు. షెడ్డు వెనక ఉన్న రెండు గదులే వాళ్ల ఇల్లు. ఆ ఇంట్లో అన్నం ముద్దలో కూడా కాస్త రాతిపొడి ఉంటుందని, అందుకే తమ మాట అంత బరువని బాబాయి అంటూంటాడు.

పలక ముఖాన్ని యంత్రం నునుపు చేస్తుంది. అంచులూ, పైన గుండ్రంగా తిరిగే భుజాలూ యంత్రానికి అందవు. అది చేతి పని. సానరాయిని నీళ్లలో ముంచి రుద్దాలి. ఊరిన బురదను కడిగేసి ఇంకాస్త మెత్తటి రాయితో రుద్దాలి. చివరికి పాలిష్ పొడితో రుద్దాలి. మధ్యమధ్య కళ్లు మూసుకుని వేళ్ల కొసలతో తడిమి చూడాలి. కంటికి చిక్కని గరుకు వేలికి చిక్కుతుంది. కూతురికి ఆ పని మాటలతో పాటే వచ్చింది. నాన్న చనిపోయిన ఏడాది నుంచి అంచులన్నీ తనవే. బాబాయి ఆమెను ‘అద్దం’ అని పిలుస్తాడు. ఆమె రుద్దిన అంచులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చట. ఆయనకు మీసం లేదు.

పాత రాతి కట్టడాలను బాగుచేయడం నేర్పే చదువు ఆమెది. కాలేజీలో మేడమ్ ఒకరోజు ఆమె చేసిన అంచును ఫోటో తీసి ఎక్కడికో పంపింది. కొన్ని వారాలకు ఆ ఎక్కడి నుంచో జవాబు వచ్చింది. సముద్రాల అవతల ఒక నది మీద ఎప్పుడో కట్టిన రాతి వంతెన ఉందనీ, దాని పిట్టగోడల రాళ్లు మారుస్తున్నారనీ, చలికాలమంతా తమ దగ్గర ఇంటర్న్‌గా పనిచేయడానికి రమ్మనీ రాశారు. అమ్మ ఆ కబురు విని చేతులు కొంగుకు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, లోపలికి వెళ్లింది. కాసేపటికి లోపల గిన్నెలు అవసరం లేకుండా సర్దుతున్న చప్పుడు వినిపించింది.

వెళ్లేముందు చూసుకోవాల్సిన పనులన్నీ అమ్మాయి ఒక్కతే నెత్తిన వేసుకుంది. పాస్‌పోర్ట్ అయింది. ఆరోగ్య పరీక్షలు అయ్యాయి. పంటినొప్పి అక్కడ వస్తే బీమా వర్తించదని తెలిసి, ఎప్పటి నుంచో సలుపుతున్న పన్ను ఇక్కడే పీకించుకుంది. ఒక బేకరీ పైన గది దొరికింది. మెట్లు ఇరుకనీ, పెట్టె పెద్దదైతే మలుపు దగ్గర ఇరుక్కుంటుందనీ ఇంటామె ముందే చెప్పింది. అందుకని అమ్మాయి చిన్న పెట్టె కొన్నది.

“ఇంత చిన్నదాంట్లో ఏం పడతాయే?” అంది అమ్మ.

“మనకు ఉన్నవన్నీ పడతాయమ్మా.”

“అక్కడ చలికి ముక్కు ఊడి పడిపోతుందట,” అన్నాడు బాబాయి. “ఓ ముక్కు చెక్కిస్తాను, జాగ్రత్తగా పెట్టుకో అద్దం.”

ఇక మిగిలింది వీసా ఆఫీసులో వేలిముద్రలు ఇవ్వడం. అన్నిటికన్నా తేలికైన పని అదేనని అందరూ అనుకున్నారు.

ఆ ఆఫీసులో కుర్చీలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. జలుబు చేసిన కౌంటర్ ఆమె చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని, వేళ్లు గాజు మీద పెట్టమంది. గాజు కింద ఆకుపచ్చ వెలుతురు చెరువు అడుగులా మెరిసింది. అమ్మాయి నాలుగు వేళ్లూ ఆనించింది. పక్కన ఎర్ర దీపం వెలిగింది.

“గట్టిగా నొక్కమ్మా.”

“నొక్కుతున్నానండి.”

“తుడుచుకుని పెట్టు. చెమటేమో.”

తుడుచుకుని పెట్టింది. ఎర్ర దీపం. రెండో చెయ్యి పెట్టింది. మళ్లీ ఎర్ర దీపమే. వెనక వరసలో ఎవరో విసుగ్గా కాలు మీద కాలు మార్చుకున్నారు.

“ఏం పని చేస్తావు నువ్వు?”

“చదువుకుంటున్నానండి.”

“చదువుకునేవాళ్ల వేళ్లు ఇలా ఉండవు.”

“ఇంట్లో రాళ్ల పనండి. పాలిష్ చేస్తాను.”

కౌంటర్ ఆమె లేచి వచ్చి, అమ్మాయి చేతిని వెల్లకిలా తిప్పి దీపం కింద పెట్టి చూసింది. ఆ చూపులో కోపం లేదు. పోయిన వస్తువును వెతికే చూపు అది.

“ఇక్కడ గీతలు లేవమ్మా. అరిగిపోయాయి. ఇటుకలు మోసేవాళ్లు, సున్నం కలిపేవాళ్లు అప్పుడప్పుడు ఇలా వస్తుంటారు. భయపడకు. చర్మం కదా, పెరుగుతుంది. కొన్ని వారాలు పని మానెయ్. నూనె రాసుకో. రాయి మాత్రం ముట్టుకోకు.” ఆమె మళ్లీ కూర్చుని ఇంకో తేదీ ఇచ్చింది.

కాలేజీ మేడమ్‌కు ఫోన్ చేస్తే ఆవిడ కొత్త తేదీని రాసుకుంది. తర్వాత, “ఆ తేదీ దాటిందంటే నేనేం చేయలేనమ్మా,” అంది. “నీ తర్వాతి వాళ్లకు ఇచ్చేస్తారు. ఎలాగైనా ఆ రోజుకి వేళ్లు తెచ్చుకో.”

వేళ్లు తెచ్చుకోవడం. ఆ మాట అమ్మాయి చెవిలో చాలా రోజులు తిరిగింది. తన చేతుల చివర ఇన్నాళ్లూ ఉన్నవి ఎవరివో అనిపించింది.

ఆ రోజు నుంచి అమ్మ ఆమెను షెడ్డులో కాలు పెట్టనివ్వలేదు. చలి మొదలయ్యే ఆ రోజుల్లో పలకలు ఎక్కువ అమ్ముడుపోతాయి. అంచులు కూడా అమ్మ మీదే పడ్డాయి. పొద్దున్నే మొదలైన సాన చప్పుడు దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. అమ్మ దగ్గు కూడా ఆగేది కాదు. రాయి మీద రాయి, దాని మీద దగ్గు, మళ్లీ రాయి. అమ్మాయి నూలు తొడుగులు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని గదిలో కూర్చుని వినేది. చేతులు ముడుచుకు కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది.

“మహారాణిగారికి టీ కూడా మేమే అందించాలా?” అనేవాడు బాబాయి, అందిస్తూనే.

“నేను కలుపుకుంటాలే బాబాయ్.”

“వద్దులే. వేడి గిన్నె పట్టుకుంటే వేలు పోతుంది. నీ వేళ్లకు ఇప్పుడు నా ప్రాణం కన్నా విలువెక్కువ. మీ అమ్మ నన్ను చెక్కేస్తుంది.”

పని లేని ఆ రోజుల్లో అమ్మాయి ఫోన్‌లో ఆ దూరపు ఊరిని చదువుకుంది. విమానం దిగాక ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ మారాలో, బేకరీ వీధి మొదట్లో ఎండిపోయిన కొళాయి ఎక్కడుందో, గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో, వంతెనకు ఏ సందులోంచి వెళితే గాలి తక్కువ కొడుతుందో, అన్నీ. కళ్లు మూసుకుంటే ఆ వీధిలో నడిచేది. అక్కడ ఎప్పుడూ సన్నటి వాన పడుతూ ఉండేది. ఆ వానలో ఎవరూ ఆమెను పలకరించేవారు కాదు. అయినా బాగుండేది.

వేళ్లు మెల్లగా తిరిగి వచ్చాయి. మొదట చర్మం కందినట్టు అయింది. తర్వాత పొట్టు లేచింది. దాని కింద, పొద్దున కిటికీ దగ్గర పక్కకు వంచి చూస్తే, నీటి మీద గాలి తాకినట్టు సన్నటి ముడతలు కనిపించాయి. రోజూ వాటిని చూసుకునేది. ఎవరో చాలా దూరం నుంచి తన వైపు నడిచి వస్తున్నట్టుండేది.

ఆఫీసుకు వెళ్లే ముందురోజు సాయంత్రం ఆమె ఆగలేకపోయింది. బాబాయి బిల్లుల మీద ముద్ర వేసే ఇంకు పెట్టె తీసుకుని, పదివేళ్లూ అద్ది, పొట్లాల కాగితం మీద నొక్కింది. చుట్టూ తిరిగిన గీతలు కాగితం మీద పడ్డాయి. పల్చగా, అక్కడక్కడా తెగిపోతూ. అయినా గీతలే.

బాబాయి కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని చూశాడు. “వదినా, ఇలా రా. నీ కూతురు మళ్లీ పుట్టింది.”

అమ్మ షెడ్డులోంచి తడిచేతులతో వచ్చి తొంగిచూసింది. “ఇవేనా? ఈ పురుగుల్లాంటి వాటికోసమా ఇంత గొడవ?” అంది. అన్నదే కానీ, కాగితాన్ని గోడకు అంటించమని బాబాయికి చెప్పింది. చాలా రోజులకు ఆమె మొహంలో కాస్త వెలుతురు కనిపించింది.

చిక్కు తర్వాత వచ్చింది. ఇంకు వదల్లేదు. సబ్బుతో కడిగినా, నిమ్మచెక్కతో రుద్దినా, కొత్తగా మొలిచిన ఆ గీతల సందుల్లోకి దూరి నల్లగా కూర్చుంది. అమ్మాయి వేళ్లు బొగ్గు తవ్వినట్టున్నాయి.

“రేపు ఆ శుభ్రమైన గాజు మీద ఈ నల్లచేతులు పెడతావా?” అంది అమ్మ. “కడుక్కోవడం కూడా రాని మనుషులు అనుకుంటారు మనల్ని.”

“ఇంకుతో యంత్రానికి ఏమైనా తేడా చేస్తుందేమోనమ్మా.”

“మరి? అందుకే అంటున్నా. ఇలా కూర్చో.”

అమ్మ పొయ్యి పక్కనే పీట వేసుకుంది. పాలిష్ పొడి డబ్బా తెచ్చింది. అది గరుకు పొడి కాదు, అన్నిటికన్నా చివర వాడే పొడి. నాలుక మీద వేసుకున్నా తెలియనంత మెత్తన. దానిలో నూనె చుక్క వేసి, గుడ్డకు అద్దుకుని, కూతురి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. మొదటిసారి బడికి పంపిన రోజున, కాలేజీలో చేరిన రోజున, నాన్నను సాగనంపిన రోజున కూడా అమ్మ ఇలాగే ఆమె చేతులు శుభ్రం చేసింది. రాతిబురద మరకలు ఆ ఇంట్లో ఎప్పుడూ ఆ పొడితోనే పోయేవి. అమ్మకు కానీ, కూతురికి కానీ, ముందు గదిలో కూర్చుని వింటున్న బాబాయికి కానీ అందులో వింతేమీ కనిపించలేదు.

“అక్కడ ఎవరైనా ఏమైనా అంటే ఊరుకోకు,” అంది అమ్మ రుద్దుతూ. “అలాగని తిరగబడకు.”

“మరేం చెయ్యను?”

“నీ పని నువ్వు చెయ్. అంతే.”

“నువ్వు దగ్గుకు డాక్టర్‌కి చూపించుకో.”

“నా దగ్గు సంగతి ఇప్పుడెందుకు? ఆ వేలు ఇటు ఇవ్వు.”

ఒక్కొక్క వేలూ పట్టుకుని, చిన్న చిన్న గుండ్రాలు తిప్పుతూ అమ్మ రుద్దింది. నీళ్లతో కడిగింది. మళ్లీ రుద్దింది. చివరికి కళ్లు మూసుకుని, తన బొటనవేలితో కూతురి వేలికొసను తడిమి చూసింది. ఆ ఇంట్లో శుభ్రం అంటే నునుపే. గరుకు తగిలితే పని మిగిలి ఉన్నట్టు. తగలకపోతే అయిపోయినట్టు. వేరే కొలత వాళ్లకు తెలియదు.

“ఇప్పుడు బాగుంది,” అంది అమ్మ.

అమ్మాయికి నిద్ర ముంచుకొస్తోంది. అమ్మ ఒడి వెచ్చగా ఉంది. ఇంకు పోయింది. అంతకు మించి ఆమె ఏమీ చూడలేదు.

మర్నాడు ఆఫీసుకు అమ్మ కూడా వచ్చింది. లోపలికి ఒక్కరినే పంపుతారంటే బయట బల్ల మీద కూర్చుంది. కౌంటర్ ఆమెకు జలుబు తగ్గింది. అమ్మాయిని గుర్తుపట్టి నవ్వింది. “తెచ్చుకున్నావా వేళ్లు?”

“తెచ్చుకున్నానండి.”

ఆకుపచ్చ వెలుతురు. నాలుగు వేళ్లు. ఎర్ర దీపం.

కౌంటర్ ఆమె ఒక్కొక్క వేలినీ తనే పట్టుకుని ఆనించింది. ఎడమ చిటికెన వేలికి ఒకసారి పచ్చ దీపం వెలిగి, లెక్కలోకి రాకుండానే ఆరిపోయింది. ఆమె లేచి వచ్చి అమ్మాయి చేతిని మళ్లీ దీపం కింద పెట్టింది. ఈసారి చాలాసేపు చూసింది.

“రాయి ముట్టుకున్నావా?”

“లేదండి. నిజంగా ముట్టుకోలేదు.”

“మరి నిన్న ఏం చేశావు?”

“ఇంకు అంటితే… శుభ్రం చేసుకున్నాను.”

“దేనితో?”

చెప్పబోయిన అమ్మాయి తన వేళ్లకేసి చూసుకుంది. ఆ క్షణం దాకా ఆ సంగతి ఆమెకు తట్టలేదు. “పాలిష్ పొడితోనండి,” అంది.

కౌంటర్ ఆమె కుర్చీలోకి వెళ్లి, తెర మీద తేదీలు చూసింది. దొరికిన మొదటి తేదీ మేడమ్ చెప్పిన గడువుకు చాలా అవతల ఉంది. “ఇంతకన్నా ముందు లేదమ్మా. ఉంటే ఇస్తాను కదా,” అంది. ఆమె గొంతు తగ్గిపోయింది.

బయట అమ్మ లేచి నిలబడింది. “చేతులు బాగున్నాయన్నారా?”

“ఇంకా సరిగ్గా రాలేదటమ్మా.”

“అదేంటి? నిన్న కాగితం మీద పడ్డాయిగా. మీ బాబాయి గోడకు కూడా అంటించాడు.”

అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది. రోడ్డు మీద బస్సులు పోతున్నాయి. అమ్మ ఆమె మొహంలోకి చూసింది. తర్వాత తన బొటనవేలిని చూసుకుంది. నిన్న సాయంత్రం కళ్లు మూసుకుని కూతురి వేళ్లను తడిమిన బొటనవేలు. అది చూస్తూ చూస్తూ నెమ్మదిగా బల్ల మీద కూర్చుండిపోయింది.

“నేనే కదే తీసేసింది,” అంది.

“కాదమ్మా. నేనూ చూసుకోలేదు.”

“నేనే.”

కాసేపటికి అమ్మ లేచి, ఎవరు ఆపుతున్నా వినకుండా లోపలికి వెళ్లింది. కౌంటర్ ముందు నిలబడి రెండు చేతులూ చాచి చూపించింది. “తప్పు పిల్లది కాదమ్మా, నాది. మా ఇంట్లో అందరికీ ఇంతే. కావాలంటే నా వేళ్లు చూడండి. మేం మోసం చేసే మనుషులం కాదు.”

“మోసం అని ఎవరన్నారమ్మా,” అంది కౌంటర్ ఆమె. “నేను నమ్ముతాను. యంత్రం నమ్మదు.”

తిరుగు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒక మలుపు దగ్గర బస్సు ఊగితే, అమ్మ చెయ్యి అలవాటుగా కూతురి చేతిని పట్టుకోబోయి, తాకకముందే వెనక్కి వెళ్లిపోయింది.

మేడమ్‌కు చెప్పాల్సింది చెప్పాక, ఆ చోటు, బేకరీ పైన గదితో సహా, క్లాసులో పక్కన కూర్చునే స్నేహితురాలికి వెళ్లింది. బాబాయి ఆ రోజు ఒక్క హాస్యమూ ఆడలేదు. పాలిష్ పొడి డబ్బాను అమ్మ చెత్తలో పడేస్తే, ఆయన చప్పుడు కాకుండా తీసి, తుడిచి, తన బల్ల కింద పెట్టుకున్నాడు. “రేపటి పలకకు ఏం పెట్టి రుద్దుతాం వదినా,” అని మాత్రం అన్నాడు. ఎప్పుడు తీశాడో కానీ, గోడ మీద వేలిముద్రల కాగితం కూడా కనిపించలేదు.

ఆ తర్వాత అమ్మకు ఒకటే పట్టుదల. వచ్చే ఏడు మళ్లీ అవకాశం వస్తుందనీ, అప్పటిదాకా కూతురు రాయి వైపు చూడకూడదనీ. అమ్మాయి మళ్లీ గదిలో కూర్చుంది. గీతలు మళ్లీ మొలిచాయి. ఈసారి బాగా మొలిచాయి, లోతుగా, ఎక్కడా తెగకుండా. వాటిని ఏ గాజూ అడగలేదు. ఎవరూ రాని ఇంటి ముందు ముగ్గులా ఉన్నాయి అవి.

షెడ్డులో దగ్గు మాత్రం రోజురోజుకూ ముదిరింది. ఒక మధ్యాహ్నం సాన చప్పుడు ఆగిపోయింది. దగ్గు ఆగలేదు. అమ్మాయి లేచి వెళ్లింది. అమ్మ ఒక పలక భుజం మీద నుదురు ఆనించి, ఊపిరి కూడదీసుకుంటోంది. అమ్మాయి తొడుగులు విప్పి పక్కన పెట్టి, సానరాయి అందుకుంది.

“వద్దే,” అంది అమ్మ, మాట పెగలక. “వచ్చే ఏడు…”

“వచ్చే ఏడు సంగతి అప్పుడు చూద్దాం. రేపు ఈ పలకవాళ్లు వచ్చి అడిగితే ఏం చెబుతాం?”

“నేను చేస్తాను.”

“నువ్వు చేసింది చాలు. కాసేపు కూర్చోమ్మా.”

మొదటి రుద్దుకే వేళ్లు మండాయి. ఇన్ని రోజుల్లో చర్మం పసిపిల్లల చర్మంలా అయిపోయింది. అమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

సాయంత్రం వాలుతుండగా ఫోన్ మోగింది. అమ్మాయి చేతులు బురదలో ఉన్నాయి. అమ్మ ఫోన్ తీసి, కూతురి చెవి దగ్గర పట్టుకుంది. స్నేహితురాలి గొంతు దూరంగా, వణుకుతూ వచ్చింది. వెనకాల గాలి హోరు.

“ఒసే, దిగానే. ఏ బస్సు ఎక్కాలో తెలియట్లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.”

“బయటికి రాగానే ఎడమవైపు వెళ్లు. గాజు గది లాంటి స్టాపు ఉంటుంది. అక్కడి నుంచి నది వైపు వెళ్లేది ఎక్కు. గడియారం ఉన్న కూడలిలో దిగి మారాలి.”

“తాళం?”

“బేకరీలో అడగకు, వాళ్లు ఇవ్వరు. పక్క తలుపు కొట్టు. ఇంటామెకు కాస్త చెవుడు, గట్టిగా కొట్టు. మెట్ల మలుపు దగ్గర పెట్టెను నిలువుగా తిప్పు, లేకపోతే ఇరుక్కుంటుంది. వీధి మొదట్లో ఎండిపోయిన కొళాయి కనిపిస్తే సరైన వీధే అనుకో.”

“నీకు కోపం లేదుగా నా మీద?”

“పిచ్చిదానా. వాన పడుతోందా అక్కడ?”

“పడుతోందే. సన్నగా.”

“తల తడవనివ్వకు,” అంది అమ్మాయి.

అటు వైపు చప్పుడు ఆగిపోయింది. అమ్మ ఫోన్‌ను అలాగే పట్టుకుని ఉంది.

“పెట్టేసిందమ్మా.”

“ఊఁ.” అమ్మ ఫోన్ దించింది. “ఆ ఊళ్లో పుట్టి పెరిగినట్టు చెబుతున్నావే.”

అమ్మాయి అంచు మీది బురద తోసి, కళ్లు మూసుకుని, మంటపుడుతున్న వేళ్లతో తడిమి చూసింది. ఇంకా గరుకుగానే ఉంది.

“ఆ వంతెన,” అంది అమ్మ. “ఈ కొసన నిలబడితే ఆ కొస కనిపిస్తుందా?”

“తెలియదమ్మా. అది మాత్రం ఎక్కడా రాయలేదు.”

అమ్మ చెంబుతో నీళ్లు తీసుకుని, రాయి మీద సన్నటి ధారగా పోయసాగింది.